తెల్లనివన్నీ పాలు కావు: నమ్మిన సంస్థల పేరిట వచ్చే దొంగ లేఖలు

(ప్రాథమిక పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, సభ్యుల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సమావేశాలలో సాధారణంగా మనం దాణా గురించి, పచ్చిమేత గురించి, గాలికుంటు టీకాల గురించి, వెన్న శాతం గురించి మాట్లాడుకుంటాము. ఈ రోజు నాకు అప్పగించిన విషయం పశువుకు వచ్చే జబ్బు కాదు, పాస్‌బుక్కుకు వచ్చే జబ్బు. దీనికి టీకా లేదు. జాగ్రత్త ఒక్కటే మందు. అందుచేత కొంచెం ఓపికతో వినవలసిందిగా కోరుతున్నాను.

పూర్వం పాల బిల్లు డబ్బు కార్యదర్శి చేతి మీదుగా, సంతకమో వేలిముద్రో తీసుకొని, సభ్యుల చేతికి వచ్చేది. ఇప్పుడు చాలా సంఘాలలో అది నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతున్నది. ఇది మంచి మార్పు. గేదె ఎవరి పేర ఉన్నదో, పాలు ఎవరు పోస్తున్నారో వారి పేరనే డబ్బు జమ అవుతున్నది. ఇంటి ఇల్లాలికి తన కష్టం తన ఖాతాలో కనబడుతున్నది. అయితే ఒక సంగతి గమనించండి. పూర్వం మన పాల డబ్బు కాజేయాలంటే దొంగ మన ఊరు రావాలి, మన గుమ్మం తొక్కాలి, కుక్క మొరిగితే పారిపోవాలి. ఇప్పుడు అతడు ఎక్కడో కూర్చొని మనకొక లేఖ పంపుతాడు. తలుపు మనచేతనే తీయిస్తాడు.

ఎర, గాలం

ఈ మోసాన్ని ఇంగ్లీషులో ‘ఫిషింగ్’ అంటారు. చేపలు పట్టడం అనే మాట నుంచే ఈ పేరు పుట్టింది. 1990ల మధ్యలో అమెరికాలో ‘అమెరికా ఆన్‌లైన్’ అనే సంస్థ జనానికి ఇంటర్నెట్ సౌకర్యం ఇచ్చేది. కొందరు తాము ఆ సంస్థ ఉద్యోగులమని చెప్పుకొని, ఖాతా సరిచూడాలంటూ, ఖాతాదారుల నుంచి రహస్య సంకేతాలు రాబట్టారు. అప్పటినుంచి ఈ పేరు వాడుకలోకి వచ్చింది. ముప్పయి ఏళ్ళు గడిచినా పద్ధతి మారలేదు. ఆనాడు గాలాలు కొన్నే. ఇప్పుడు ఇ-మెయిల్, ఎస్.ఎం.ఎస్., వాట్సాప్, ఫోను, అన్నీ గాలాలే. ఎర మాత్రం ఒక్కటే. మనం నమ్మిన పేరు.

ఇది బాగా గుర్తుంచుకోవలసిన విషయం. ముక్కూమొహం తెలియనివాడు వచ్చి డబ్బు అడిగితే మనం ఇవ్వము. కనుక దొంగ తన సొంత పేరుతో రాడు. బ్యాంకు పేరుతో వస్తాడు, గ్యాసు కంపెనీ పేరుతో వస్తాడు, విద్యుత్ శాఖ పేరుతో, ఆదాయపు పన్ను శాఖ పేరుతో వస్తాడు. రేపు మన పాల సంఘం పేరుతోనే వస్తాడు. ఏళ్ళ తరబడి ఒక సంస్థ సంపాదించుకున్న నమ్మకాన్ని ఒక్క పూటకు అరువు తెచ్చుకొని వాడుకుంటాడు.

పాడి రంగంలోనే ఇందుకు ఉదాహరణ ఉంది. గుజరాత్‌లో ఆనంద్ కేంద్రంగా 1946లో రైతులు పెట్టుకున్న సహకార సంఘమే నేటి అమూల్‌కు పునాది. ఆ పేరంటే దేశమంతటా నమ్మకం. ఆ పేరును చేర్చిన వెబ్ చిరునామాలు తెరచి, డీలర్‌షిప్ ఇస్తామని, ఉద్యోగాలు ఇస్తామని చెప్పి కొందరు జనం వద్ద రుసుములు వసూలు చేశారు. గుజరాత్ సహకార పాల మార్కెటింగ్ సమాఖ్య ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించగా, 2020లో కోర్టు అటువంటి చిరునామాలను నిలిపివేయమని ఆదేశించింది. తరువాత 2021లో, అమూల్‌కు 75 ఏళ్ళు నిండిన సందర్భం చూసుకొని, కొన్ని ప్రశ్నలకు జవాబు చెబితే 6,000 రూపాయలు వస్తాయంటూ వాట్సాప్‌లో ఒక లింకు ఊరూరా తిరిగింది. అది తమది కాదని ఆ సంస్థ ప్రకటించుకోవలసి వచ్చింది. అంత పెద్ద సంస్థ పేరునే వాడుకున్నవారికి మన సంఘం పేరు ఒక లెక్కా?

ఒక నమూనా లేఖ

మాటలతో చెప్పడంకన్నా నమూనా చూపడం మేలు. అర్థం కావడం కోసం ఈ లేఖను నేనే కల్పించి వ్రాశాను. సంఘం కార్యదర్శికి సాయంత్రం నాలుగు గంటలకు ఇ-మెయిల్‌లో ఇలా వచ్చిందనుకోండి.

“విషయం: మీ సంఘం ఖాతా నేటి రాత్రితో నిలిపివేయబడును. గౌరవనీయ ఖాతాదారునకు, మీ ఖాతా కె.వై.సి. వివరముల గడువు ముగిసినది. ఈ రాత్రి 12 గంటలలోపు దిగువ లింకును నొక్కి వివరములు నింపనియెడల సభ్యుల పాల బిల్లుల చెల్లింపు ఆగిపోవును. ఇట్లు, ఖాతాదారుల సేవా విభాగము.”

పైన బ్యాంకు ముద్ర ఉంటుంది. రంగులు అవే, అక్షరాలు అవే. కార్యదర్శి కంగారుపడతాడు. రేపే బిల్లుల రోజు. మూడువందల మంది సభ్యులు వచ్చి అడుగుతారు. లింకు నొక్కుతాడు. బ్యాంకు వెబ్‌సైటు లాంటిదే ఒక పేజీ తెరుచుకుంటుంది. ఖాతా సంఖ్య, పాస్‌వర్డు నింపుతాడు. ఫోనుకు ఓటీపీ వస్తుంది, అదీ నింపుతాడు. “ధన్యవాదములు” అని వస్తుంది. తాను నింపిన ప్రతి అక్షరాన్ని అవతల దొంగ అదే నిమిషంలో అసలు బ్యాంకు పేజీలో నింపుతున్నాడని అతనికి తెలియదు.

ఇందులో కార్యదర్శి ఆశకు పోలేదు. నిర్లక్ష్యం చేయలేదు. సభ్యులకు డబ్బు ఆలస్యం కాకూడదని తాపత్రయపడ్డాడు. ఆ తాపత్రయాన్నే దొంగ పట్టుకున్నాడు. కాబట్టి మోసపోయినవారంతా అత్యాశాపరులనీ, తెలివిలేనివారనీ అనుకోవడం పొరపాటు. ఈ మాట ఎందుకు చెబుతున్నానో చివరలో మళ్ళీ మనవి చేస్తాను.

ఒక్క పరీక్ష చాలదు

పాల పరీక్ష సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. పాలలో నీళ్ళు కలిపితే పాలు పలచబడి లాక్టోమీటరు రీడింగు తగ్గుతుంది. వెన్న తీస్తే పాలు చిక్కబడినట్లు రీడింగు పెరుగుతుంది. మరి వెన్నా తీసి, నీళ్ళూ కలిపితే? రీడింగు సరిగ్గానే కనబడుతుంది! అందుకే మనం లాక్టోమీటరు ఒక్కదానినే నమ్మకుండా వెన్న పరీక్ష కూడా చేస్తాము. లేఖల విషయంలోనూ అంతే. ఒక్క గుర్తు చూసి మంచిదనుకోరాదు. తెల్లనివన్నీ పాలు కావు. ఈ క్రింది పరీక్షలన్నీ చేయాలి.

మొదటిది, పంపినవారి చిరునామా. ఇ-మెయిల్‌లో పైన కనబడే పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. అంగడి మీద బోర్డు రాయించుకున్నట్లే. ఆ పేరు మీద నొక్కితే దాని వెనుక అసలు చిరునామా కనబడుతుంది. పేరేమో బ్యాంకుది, చిరునామా ఏదో తెలియని పేరుతో ఉంటే అది నకిలీ. చిరునామా సరిగా ఉన్నట్లు కనబడినా అంతటితో నమ్మరాదు. దానిని కూడా అనుకరించేవారున్నారు.

రెండవది, లింకు ఎక్కడికి పోతున్నది. పైకి ఒక మాట రాసి, లోపల వేరొక చోటికి దారి పెట్టవచ్చు. కంప్యూటరులో లింకు మీద మౌస్ పెట్టి, నొక్కకుండా ఉంచితే అసలు చిరునామా కనబడుతుంది. దానిని చదివే పద్ధతి ఒకటుంది. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, సొంత పేరు తరువాత వస్తుంది. వెబ్ చిరునామా ఇందుకు తలక్రిందులు. ఇంటిపేరు చివర ఉంటుంది. మొదట వచ్చే రెండు ఏటవాలు గీతలు వదిలిపెట్టి, ఆ తరువాత వచ్చే మొదటి ఒంటి గీత దగ్గర ఆగి, అక్కడినుంచి కుడివైపు నుంచి ఎడమకు చదవాలి. “అమూల్ డాట్ ఫలానా డాట్ కామ్” అని ఉంటే అది అమూల్ వారిది కాదు, ‘ఫలానా’ వారిది. ముందు ఏ పేరైనా తగిలించుకోవచ్చు. ఇంటిపేరు మారదు.

ఈ విషయంలో రిజర్వు బ్యాంకు మనకొక సాయం చేసింది. బ్యాంకులన్నీ తమ వెబ్ చిరునామాలను 2025 అక్టోబరు 31 లోపు “డాట్ బ్యాంక్ డాట్ ఇన్” అనే ముగింపులోకి మార్చుకోవాలని ఆ సంవత్సరం ఏప్రిల్‌లో ఆదేశించింది. ఉదాహరణకు స్టేట్ బ్యాంకుది “ఎస్‌బిఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్”. ఈ ముగింపుతో చిరునామాలు నమోదు చేసే బాధ్యతను మన హైదరాబాదులోని ఐ.డి.ఆర్.బి.టి. అనే సంస్థకు అప్పగించారు. బ్యాంకు కానివారికి ఆ చిరునామా దొరకదు. అయితే ‘బ్యాంక్’ అనే మాటకు ముందూ వెనుకా చుక్క ఉన్నదా అని చూడాలి. ముందు చుక్కకు బదులు అడ్డగీత ఉంటే అది వేరే ఇల్లు. అలాగే చాలా ప్రభుత్వ వెబ్‌సైట్లు “డాట్ గవ్ డాట్ ఇన్” తో ముగుస్తాయి. పి.ఎం. కిసాన్ పథకానిది “పిఎంకిసాన్ డాట్ గవ్ డాట్ ఇన్”. ఆ పథకం పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఇతర లింకులను ముట్టుకోవద్దు.

మూడవది, తొందర. “ఈ రాత్రికే”, “అరగంటలో”, “వెంటనే” అనే మాటలు కనబడితే ఆగండి. మనిషికి ఆలోచించే వ్యవధి ఇవ్వకపోవడమే ఈ వ్యాపారానికి పెట్టుబడి. కె.వై.సి. వివరాలు అప్పుడప్పుడు ఇవ్వవలసి రావడం నిజమే. అందుకు శాఖకు వెళ్ళవచ్చు. భయపెట్టినా, బహుమతి అని ఆశపెట్టినా, రెండూ ఒకే చేతి పని.

నాలుగవది, అడుగుతున్నదేమిటి? ఓటీపీ, పిన్, పాస్‌వర్డు, కార్డు వెనుకనున్న మూడు అంకెలు, వీటిని ఏ బ్యాంకు ఉద్యోగీ అడగడు. అడిగినవాడు బ్యాంకు ఉద్యోగి కాడు. ఇక్కడ అక్కచెల్లెళ్ళకు ముఖ్యంగా ఒక మాట. ఫోనులో డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు. డబ్బు పంపడానికో, నిల్వ చూసుకోవడానికో మాత్రమే పిన్ నొక్కాలి. “మీకు సబ్సిడీ పంపుతున్నాము, పిన్ నొక్కండి”, “గేదె కొంటాము, అడ్వాన్సు పంపుతున్నాము, ఈ గళ్ళ బొమ్మను స్కాన్ చేయండి” అంటే, వచ్చేది కాదు, పోయేది.

ఐదవది, జతపరచిన ఫైళ్ళు. వాట్సాప్‌లో ‘ఏపీకే’ అనే చివరి అక్షరాలతో ఏదైనా యాప్ వస్తే ఇన్‌స్టాల్ చేయవద్దు. పేరు బ్యాంకుది కావచ్చు, పథకానిది కావచ్చు, పెళ్ళి శుభలేఖ అని కూడా ఉండవచ్చు. అటువంటి యాప్ ఒకసారి ఫోనులోకి చేరితే మనకు వచ్చే ఓటీపీలను అదే చదివి అవతలికి పంపగలదు. అప్పుడు మనం ఎవరికీ ఏమీ చెప్పకపోయినా డబ్బు పోతుంది. అలాగే “మా ఇంజనీరు మీ ఫోను బాగుచేస్తాడు” అని మన తెర అవతలివారికి కనబడేటట్లు చేసే యాప్‌లు పెట్టించేవారిని దూరంగా ఉంచండి.

ఇక రెండు పాత గుర్తులు ఉన్నాయి. వాటిని ఇప్పుడు నమ్మకూడదు. దొంగ లేఖలలో అక్షర దోషాలు ఉంటాయని చెప్పేవారు. ఈ రోజులలో కృత్రిమ మేధ సాయంతో ఎవరైనా ఏ భాషలోనైనా శుభ్రంగా రాయించుకోగలరు, తెలుగులో కూడా. తప్పులుంటే అనుమానించండి. తప్పులు లేవని నమ్మకండి. రెండవది, చిరునామా పక్కన తాళం గుర్తు. ఆ తాళానికి అర్థం మీరు పంపే సమాచారం దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే. అవతల కూర్చున్నవాడు మంచివాడని కాదు. దొంగ తన ఇంటికీ తాళం వేసుకోగలడు.

వచ్చిన దారిన వెళ్ళవద్దు

ఇన్ని పరీక్షలు అందరికీ గుర్తుండకపోవచ్చు. వయసు మళ్ళినవారికి చిన్న అక్షరాలు కనబడకపోవచ్చు. అటువంటివారికి ఒకే ఒక్క సూత్రం చెబుతాను. దీనిని మరచిపోవద్దు. లేఖ వచ్చిన దారిన జవాబు వెళ్ళకూడదు.

అంటే లేఖలో ఇచ్చిన లింకు నొక్కవద్దు. అందులో ఇచ్చిన నంబరుకు ఫోను చేయవద్దు. దానికే తిరుగు జవాబు రాసి “ఇది నిజమేనా?” అని అడగవద్దు. దొంగను పిలిచి “నీవు దొంగవా?” అని అడిగినట్లే. మీ పాస్‌బుక్కు మీద, ఏ.టి.ఎం. కార్డు వెనుక ఉన్న నంబరుకు మీరే ఫోను చేయండి. లేదా శాఖకు వెళ్ళండి. సహాయ కేంద్రం నంబరు కోసం గూగుల్‌లో వెతికి మొదట కనబడినదానికి ఫోను చేయడం కూడా ప్రమాదమే. దొంగలు తమ నంబర్లను అక్కడా పెడుతున్నారు. బ్యాంకులు సేవల కోసం చేసే ఫోన్లు 1600తో మొదలయ్యే నంబర్ల నుంచి రావాలని 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు చెప్పింది. మామూలు పది అంకెల నంబరు నుంచి “బ్యాంకు మేనేజరును” అంటే ఫోను పెట్టివేసి, మీరే శాఖకు చేయండి. నిజమైన మేనేజరు ఇందుకు కోపగించుకోడు.

సంఘం ఖాతాల విషయం

ఇప్పటివరకు సభ్యుల సంగతి. ఇక పాలకవర్గాలు శ్రద్ధగా వినవలసిన విషయం. సంఘానికి దాణా, క్యాన్లు, బల్క్ కూలరు విడిభాగాలు, పరీక్షా రసాయనాలు సరఫరా చేసేవారున్నారు. ఒకరోజు వారిలో ఒకరి పేరుతో లేఖ వస్తుంది. “మా బ్యాంకు మారినది. ఇకమీదట డబ్బు ఈ క్రొత్త ఖాతాకు పంపగలరు.” బిల్లు నిజమైనదే, మొత్తం సరైనదే, సరుకు వచ్చింది కూడా. ఖాతా సంఖ్య మాత్రం దొంగది.

ఇది చిన్న సంఘాలకే జరుగుతుందనుకోవద్దు. లిథువేనియా దేశస్థుడు ఎవాల్డాస్ రిమాసౌస్కాస్ అనే అతడు చేసిన పని వినండి. తైవాన్‌లో క్వాంటా కంప్యూటర్ అనే పెద్ద సంస్థ ఉంది. గూగుల్, ఫేస్‌బుక్ సంస్థలు ఆ కంపెనీ నుంచి యంత్రాలు కొనేవి. ఇతడు లాట్వియాలో సరిగ్గా అదే పేరుతో ఒక కంపెనీ నమోదు చేయించి, ఆ పేరనే బ్యాంకు ఖాతాలు తెరిచాడు. 2013 నుంచి 2015 వరకు నకిలీ ఇ-మెయిళ్ళు, నకిలీ బిల్లులు, నకిలీ ఒప్పంద పత్రాలు పంపించి ఆ రెండు సంస్థల నుంచి 10 కోట్ల డాలర్లకు మించి రాబట్టాడు. 2019లో నేరం ఒప్పుకున్నాడు. అమెరికా కోర్టు ఐదేళ్ళ శిక్ష వేసింది. ప్రపంచానికి ఇ-మెయిల్ నడిపించే సంస్థే ఇ-మెయిల్‌లో మోసపోయినప్పుడు మనమెంత?

ఇందులో మనం నేర్చుకోవలసిన పాఠం ఒకటున్నది. ఖాతాదారు పేరు సరిపోయిందని డబ్బు పంపరాదు. నెఫ్ట్ పద్ధతిలో డబ్బు చేరేది ఖాతా సంఖ్యను బట్టే గాని పేరును బట్టి కాదు. నెఫ్ట్, ఆర్.టి.జి.ఎస్.లో పంపేముందు అవతలి ఖాతాదారు పేరు చూసుకునే సదుపాయాన్ని 2025 ఏప్రిల్ 1 లోపు కల్పించాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. దానిని తప్పక వాడండి. కాని లాట్వియా సంగతిలో పేరు కూడా సరిపోయింది కదా! కాబట్టి అది లాక్టోమీటరు వంటిది. రెండవ పరీక్ష కూడా కావాలి.

ఆ రెండవ పరీక్ష ఇది. ఖాతా మారిందని లేఖ వస్తే, మన రిజిస్టరులో ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోను చేసి, మనకు గొంతు తెలిసిన మనిషితో మాట్లాడి అడగాలి. ఎవరు, ఏ రోజు, ఎవరితో మాట్లాడారో మినిట్స్ పుస్తకంలో రాయాలి. అధ్యక్షుడు, కార్యదర్శి ఇద్దరూ సంతకం చేసిన తరువాతనే క్రొత్త ఖాతాకు డబ్బు పంపాలి. ముందుగా ఒక రూపాయి పంపి చూడవచ్చు. కాని అందిందా లేదా అని లేఖ రాసినవానిని కాక, ఆ తెలిసిన మనిషినే అడగాలి. సభ్యులు తమ ఖాతా మార్చమని ఫోనులో సందేశం పంపినా ఇదే పద్ధతి. సభ్యుడు గాని, సభ్యురాలు గాని పాస్‌బుక్కుతో స్వయంగా రావలసిందే. మన ఊళ్ళో ఇంటికీ కేంద్రానికీ ఎంత దూరం?

మన అలవాట్లు కూడా మారాలి

ఇక్కడ ఒక చేదు మాట కూడా చెప్పవలసి ఉన్నది. సభ్యులకు లింకులు నొక్కవద్దని ఒక చేత్తో చెబుతూ, మరో చేత్తో మన సంఘమే “బోనసు వివరాలకు ఈ లింకు నొక్కండి”, “ఆధారు ఫోటో, పాస్‌బుక్కు ఫోటో గ్రూపులో పెట్టండి” అని సందేశాలు పంపితే, దొంగ సందేశానికీ మన సందేశానికీ తేడా సభ్యుడు ఎలా కనుక్కోవాలి? రోజూ నీళ్ళు కలిసిన పాలు తాగించి, చిక్కదనం గుర్తుపట్టమన్నట్లు ఉంటుంది.

కనుక ఈ సమావేశం ముందు ఒక ప్రతిపాదన ఉంచుతున్నాను. ప్రతి సంఘం తన సర్వసభ్య సమావేశంలో ఇలా తీర్మానించి, ఆ తీర్మానాన్ని పాల సేకరణ కేంద్రం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. మన సంఘం సభ్యులకు ఎన్నడూ లింకులు పంపదు. ఎన్నడూ ఓటీపీ గాని, పిన్ గాని అడగదు. బోనసు, బీమా, రుణం, ఏ వివరమైనా కేంద్రంలోని నోటీసు బోర్డు మీద ఉంటుంది. బోర్డు మీద లేనిది ఫోనులో వస్తే అది సంఘానిది కాదు. ఒకసారి ఈ మాట అన్నాక సంఘం దానికి కట్టుబడి ఉండాలి. ఒక్కసారి తప్పినా గోడ మీది రాతకు విలువ ఉండదు.

సంఘం ఇ-మెయిల్ పాస్‌వర్డు కూడా తిథి వార నక్షత్రాల వలె అందరి నోళ్ళలో నానకూడదు. దానిని గోడ క్యాలెండరు మీద రాసిపెట్టవద్దు. అదే పాస్‌వర్డును బ్యాంకు పనికి వాడవద్దు. పాస్‌వర్డుతో పాటు ఫోనుకు రెండవ సంకేతం వచ్చే ఏర్పాటు పెట్టుకోండి. ఎందుకంటే కార్యదర్శి ఇ-మెయిల్ గాని, వాట్సాప్ గాని దొంగ చేతికి చిక్కితే, అతడు ఆ పేరుతోనే మన సభ్యులందరికీ రాస్తాడు. అప్పుడు చిరునామా కూడా నిజమైనదే అవుతుంది.

జరగరానిది జరిగితే

ఎంత జాగ్రత్తపడినా ఒక్కోసారి మోసం జరుగుతుంది. అప్పుడు గడియారమే ముఖ్యం. దొంగ డబ్బును ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు, అక్కడినుంచి ఇంకొక దానికి త్వరత్వరగా తరలిస్తాడు. అది ఏదో ఒక ఖాతాలో నిలిచి ఉండగానే ఆపాలి. అందుకు కేంద్ర హోం శాఖ ఏర్పాటు చేసిన నంబరు 1930. మన ఆంధ్రప్రదేశ్‌లోనైనా, తెలంగాణలోనైనా ఇదే నంబరు. ఎంత పోయింది, ఏ ఖాతా నుంచి, ఏ సమయానికి, లావాదేవీ సంఖ్య ఎంత అనే వివరాలు దగ్గర పెట్టుకొని వెంటనే ఫోను చేయాలి. “సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్” లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఆ వెంటనే బ్యాంకుకు తెలిపి, ఖాతా నుంచి డబ్బు పోకుండా నిలిపివేయించి, ఫిర్యాదు సంఖ్య రాసుకోవాలి. దొంగ పంపిన సందేశాన్ని చెరిపివేయవద్దు. అదే సాక్ష్యం.

బ్యాంకుకు ఎంత త్వరగా చెబుతామన్నదానికి చట్టపరంగా కూడా విలువ ఉన్నది. రిజర్వు బ్యాంకు 2017లో ఇచ్చిన ఆదేశాలలో, ఖాతాదారు తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా బయటివారి మోసం వలన డబ్బు పోయినప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాలలోపు తెలిపితే ఆ నష్టం ఖాతాదారు మీద పడదని చెప్పింది. ఖాతాదారే ఓటీపీ, పిన్ చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపేవరకు జరిగిన నష్టం అతనిదేననీ, తెలిపిన తరువాత జరిగేది బ్యాంకుదేననీ కూడా చెప్పింది. అంటే రహస్యం బయటపెట్టినవారు సైతం ఆలస్యం చేయకపోతే మిగిలిన డబ్బునైనా కాపాడుకోగలరు.

అయితే మన పల్లెలలో ఆలస్యానికి అసలు కారణం తెలియకపోవడం కాదు, సిగ్గు. కోడలు అత్తకు చెప్పదు. తండ్రి కొడుకుకు చెప్పడు. కార్యదర్శి పాలకవర్గానికి చెప్పడు. “నలుగురూ నవ్వుతారు, ఉద్యోగం పోతుంది” అని రాత్రంతా మధనపడి, రెండు రోజుల తరువాత బయటపెడతారు. అప్పటికి డబ్బు ఎన్నో చేతులు మారి ఉంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లవుతుంది. ఆ రెండు రోజులూ దొంగకు మనం బహుమతిగా ఇచ్చినవే.

ఇందాక నమూనా లేఖ చదివినప్పుడు కార్యదర్శి తెలివితక్కువవాడు కాదని ఎందుకు చెప్పానో ఇప్పుడు మనవి చేస్తాను. గూగుల్ ఉద్యోగులే మోసపోయిన మోసంలో మన ఊరి మనిషి పడితే అతనిని ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. మన పశువుకు గాలికుంటు వస్తే దాచిపెడతామా? దాచితే అది మందకంతా పాకుతుంది. వెంటనే చెబితే ఆ ఒక్క పశువును వేరుగా కట్టి మిగిలినవాటిని కాపాడుకుంటాము. ఇదీ అంతే. ఒక సభ్యురాలు వచ్చి “నాకు ఇలాంటి సందేశం వచ్చింది, నొక్కాను” అని చెబితే, ఆమెను మందలించవద్దు. ముందు 1930కి ఫోను చేయించండి. తరువాత ఆ సందేశం ఎలా ఉన్నదో నోటీసు బోర్డు మీద, ఆమె పేరు లేకుండా, రాయండి. సాయంత్రం పాలు పోయడానికి వచ్చిన వారందరూ చదువుకొని జాగ్రత్తపడతారు. ఆమె చెప్పిన ఒక్క మాట మూడువందల కుటుంబాల డబ్బు నిలబెట్టవచ్చు.

సహకారం అంటే పాలు ఒక చోట పోయడం మాత్రమే కాదు. ఒకరికి తగిలిన దెబ్బ మరొకరికి తగలకుండా చూసుకోవడం కూడా. మన పెద్దలు దళారీల చేతినుంచి పాల ధరను విడిపించుకున్నది ఒంటరిగా కాదు, సంఘంగా. ఈ క్రొత్త దళారీ మన కంటికి కనబడడు. అయినా ఒంటరిగా దొరికినవానినే పడతాడు. లేఖ రాగానే కంగారుపడక, పక్కవారికి చూపించి, మరొకసారి అడిగి తెలుసుకుంటే అతనికి పని ఉండదు.

 కార్యదర్శులు ఊరికి వెళ్ళగానే మొదటి పనిగా 1930 అనే అంకెను సేకరణ కేంద్రంలో లాక్టోమీటరు ఉంచే చోటికి పైన, అందరికీ కనబడేటట్లు రాయించవలసిందిగా కోరుతూ, సెలవు తీసుకుంటున్నాను. నమస్కారం.